అమ్మమ్మ మీద 12 కథలు: నవల చెయ్యాలా, కథలుగానే ఉంచాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ అమ్మమ్మగారి జీవితం మీద 12 కథలు రాశారు. ఆవిడ శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర ఉద్దానం ఊళ్ళో పుట్టి, కాశీబుగ్గకు కాపురానికొచ్చి, జీడి ఫ్యాక్టరీలో 30 ఏళ్ళు పిక్కలు కొట్టి, ఆఖర్న కొడుకు దగ్గర విశాఖపట్నంలో ఉండి, రెండేళ్ళ కిందట 72వ ఏట పోయారు. కథల్లో నాలుగు పత్రికల్లో వచ్చాయి. పుస్తకం వేద్దామని ఇద్దరికి చూపిస్తే ఒకాయన "ఇది ముక్కలు చేసిన నవల, అతికించెయ్" అన్నారు. రెండో ఆయన "కథలే గానీ ఒకదానికొకటి అంటుకోవడం లేదు" అన్నారు. ఎవరి మాట వినాలి, వరుస వయసు ప్రకారమే పెట్టాలా, మధ్య ఖాళీలు పూడ్చాలా, చుట్టాలు గుర్తుపడితే ఎలా అని అడిగారు. 12 కథలకీ రెండేసి వాక్యాల సారాంశం పెట్టారు, తొమ్మిదోది మొత్తం పెట్టారు. మంచి పని చేశారు, లేకపోతే గాల్లో కబుర్లు చెప్పాల్సి వచ్చేది.

ముందు జవాబు చెప్పేస్తాను. నవల చెయ్యకండి. ఖాళీలు పూడ్చకండి. వరుస దాదాపు ఇలాగే ఉంచొచ్చు, ఒక్క కథ జరపాలి. అంటుకోవడం లేదన్న ఆయన మాట మాత్రం నిజం. ఎందుకంటే ఈ పుస్తకానికి ఇరుసు మీరనుకున్న చోట లేదు. మీ తాతగారు కాదు, మీ అమ్మమ్మగారి అప్ప, అంటే అక్క. ఇంత పొడుగు రాస్తున్నది అది చెప్పడానికే.

నా సంగతి ఒక ముక్క. విజయనగరంలో ఉంటాను. చీపురుపల్లి చుట్టుపక్కల హైస్కూళ్ళలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. పొందూరులో నూలు వడికే పైడమ్మ అనే ఒకామెను కల్పించుకుని 11 కథలు రాసి పుస్తకంగా వేశాను. ఆ తరవాత ఎవరైనా ఇలాంటి రాతప్రతులు పంపితే చదివి పెడుతున్నాను. కింద చెప్పేవాటిలో సగం నేను చేసి దిద్దుకున్న తప్పులే.

ఖాళీలతో మొదలెడతాను.

నా మూడో కథలో పైడమ్మకు 19 ఏళ్ళు, నాలుగో కథలో 31. మధ్యలో ఒక బిడ్డ పోయింది, మొగుడు ఖరగ్‌పూర్ రైల్వే పనికెళ్ళి తిరిగొచ్చాడు, అత్తకు చూపు పోయింది. ఇవన్నీ చెప్పకపోతే చదివేవాళ్ళకు ఎలా తెలుస్తుందని హైరానా పడి, కూర్చుని మూడు కథలు రాశాను. రాస్తుంటేనే తెలిసిపోయింది, నా చేతిలో ఉన్నది కథ కాదు, రైల్వే టైంటేబులని. పేజీకి మూడుసార్లు "ఆ తరవాత రెండేళ్ళకి" అని వచ్చేది. మూడూ తీసేశాను. వాటికి బదులు నాలుగో కథలో ఒక్క వాక్యం పెట్టాను. ఉయ్యాల కట్టడానికి దూలానికి కొట్టిన ఇనుప కొక్కెం అలాగే ఉంది, దానికిప్పుడు నూలు చిలపలు వేలాడుతున్నాయి. అంతే. పుస్తకం వచ్చాక నాకు ఉత్తరాలు రాసినవాళ్ళలో ఎక్కువమంది ఎత్తింది ఆ కొక్కెం మాటే.

నవల చదివేవాడు "తరవాత ఏమైంది?" అని అడుగుతాడు. ఒకే మనిషి మీద కథల వరుస చదివేవాడు "ఈవిడ ఎప్పుడు ఇలా తయారైంది?" అనుకుంటాడు. ఆ అనుమానం రావాలంటే తయారైన చోటు కనబడకూడదు. మీ ఐదో కథలో ఆవిడ మొగుడి ఎదట నోరు విప్పదు. ఆరో కథలో తూకంలో మోసం చేసిన మేస్త్రీ కాళ్ళ మీద పిక్కల గంప బోర్లించింది. ఈ రెంటికీ మధ్య మీ దగ్గర ఏడేళ్ళున్నాయి. ఆ ఏడేళ్ళనీ అధ్యాయాలు చేసి పేర్చారనుకోండి, ఏం జరుగుతుంది? మొదటి ఏడు కాస్త కోపం, రెండో ఏడు ఇంకాస్త... అలా మెట్లు కట్టినట్టుంటుంది. మనుషులు అలా మారరు కదా. మనం ఊరెళ్ళి ఐదేళ్ళ తరవాత ఒకామెను చూస్తాం, "ఓలమ్మా, ఈవిడ ఇలాగయిపోనాదేటి!" అనుకుంటాం. మన చుట్టాలు మనకు తెలిసేదే అలా, పెళ్ళిళ్ళలో, చావుల్లో, సంక్రాంతులకి. ఆ లెక్కన చూస్తే ఒక మనిషిని చెప్పడానికి నవలకంటే కథల వరుసే మన ఇళ్ళకు దగ్గర.

అయితే ఒక కథ ఇంకో కథకు దేనితో అంటుకోవాలి? దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ కెనడా రచయిత్రి ఆలిస్ మన్రో. 2013లో నోబెల్ వచ్చింది ఈవిడకే. 1978లో రోజ్ అనే అమ్మాయి మీద పది కథల పుస్తకం వేశారు. చిన్న ఊళ్ళో పేదింటి పిల్ల, సవతి తల్లి పేరు ఫ్లో. కెనడాలో దాని పేరు 'హూ డూ యూ థింక్ యూ ఆర్?', బయట దేశాల్లో 'ద బెగ్గర్ మెయిడ్'. మొదటి పేరు చూసినప్పుడల్లా నాకు మా మేనత్త గొంతు వినబడుతుంది: "ఏటే, నువ్వేటి పెద్ద ఇదనుకుంతన్నావేటి?" ఒక ఆడపిల్ల కాస్త తలెత్తితే చాలు, అక్కడైనా ఇక్కడైనా అదే మాట.

ఆ పుస్తకం వెనక సంగతి మీకు పనికొస్తుంది. మొదట్లో అవన్నీ రోజ్ కథలు కావు. కొన్ని రోజ్‌వి, కొన్ని జానెట్ అనే ఇంకో ఆమెవి. పుస్తకం అచ్చుపనిలో ఉండగా ఆవిడకు తోచింది, ఇది ఒక్క మనిషి పుస్తకమేనని. పని ఆపించారు, జానెట్‌వి కొన్ని రోజ్ పేరున తిరగరాశారు, కొన్ని తీసేశారు, మార్పులకైన ఖర్చు తానే పెట్టుకున్నారు. గమనించండి, సంఘటనలతో సంఘటనల్ని కలపడానికి ఆవిడ వంతెన కథలేమీ రాయలేదు. ఎవరి కథో తేల్చుకున్నారు, అతుకు అదే పడింది. ఇంకోటి. రోజ్ పెళ్ళి కుదిరిన కథ ఉంది. దాని ఆఖర్న కథ ఒక్క గెంతు గెంతి, విడాకులైన ఎన్నో ఏళ్ళకు ఒక రాత్రి విమానాశ్రయంలో ఆ మాజీ మొగుడు కనబడే చోట దిగుతుంది. అతను ఈమెను చూసి మొహం పెట్టిన తీరుతో పెళ్ళి మొత్తం మనకు తెలిసిపోతుంది. మొగుడు ఆ పుస్తకంలో వచ్చాడు, పోయాడు. ఫ్లో మాత్రం మొదటి కథలో పిల్లను కొట్టించిన దగ్గర్నుంచి ముసలివాళ్ళ ఆశ్రమంలో చేరేదాకా ఉంటుంది. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

మన దగ్గర చూడాలంటే ఓల్గా గారి 'విముక్త'. 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చిన పుస్తకం. సీత ఒక కథలో శూర్పణఖను కలుస్తుంది, ఇంకో దాంట్లో అహల్యను, రేణుకను, ఊర్మిళను. కథకొక బంధం. అయితే అక్కడొక సౌకర్యం ఉంది, మనకది లేదు. రామాయణం చదివేవాడి నోట్లోనే ఉంది. ఏ కథ ఎక్కడ మొదలైనా ముందేమైందో వాడికి తెలుసు. మీ అమ్మమ్మగారి రామాయణం మీ ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. కాబట్టి ఖాళీలు పూడ్చొద్దన్నాను గానీ, చదివేవాడు ఖాళీలో పడిపోకుండా కాలు మోపడానికి చోటివ్వాలి. ఆ చోటు సంవత్సరం వేసి ఇవ్వొచ్చు. నేను ఇంకో దారి చెబుతాను, మన భాషలో ఉన్న సౌకర్యం అది.

ఆమెను ఎవరు ఏమని పిలుస్తున్నారో చూడండి. ఎనిమిదేళ్ళప్పుడు "ఒలే గుంటా". అత్తింట్లో మొగుడి నోట ఆమెకు పేరుండదు, "ఏటే, ఇలారా". వీధిలో "ఫలానా వాడి పెళ్ళాం". కొడుకు పుట్టాక "రాజు అమ్మ". ఫ్యాక్టరీలో మొదట "ఏయ్ కాశీబుగ్గా", పదేళ్ళు పోయాక కొత్త పిల్లలకు "అప్ప", ఇంకో పదేళ్ళకు "పెద్దమ్మ". విశాఖపట్నం అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్‌కి "301 మామ్మగారు". ఈ పిలుపు కథ మొదటి పేజీలో ఎవరి నోటనైనా పడితే ఆమె వయసు, ఉన్న చోటు, ఎంత మర్యాద దక్కుతోందో మూడూ ఒక్క మాటలో తెలుస్తాయి. "అప్పటికామె వయసు 45 సంవత్సరాలు" అనే వాక్యం కొట్టిపారేయొచ్చు. మీ కథల్లో అలాంటి వాక్యం ప్రతి కథ రెండో పేరాలోనూ ఉందని సారాంశాలు చూస్తేనే అనుమానంగా ఉంది, తొమ్మిదో కథలో ఎలాగూ ఉంది.

నా పుస్తకంలో పైడమ్మ అన్న పేరు మొదటి కథలో తండ్రి నోట వస్తుంది. మళ్ళీ పదో కథలో పింఛను ఇచ్చే కుర్రాడు జాబితాలో ఇంటిపేరుతో సహా గట్టిగా చదివేదాకా ఎవరూ అనరు. వరుసలో నిలబడ్డ ఆవిడ "ఎవలదదీ?" అని పక్కామెను అడుగుతుంది. నిజం చెప్పాలంటే ఇది నేను వేసిన ఎత్తు కాదు. అలా వచ్చిందని పుస్తకం ప్రూఫులు దిద్దుతుంటే చూసుకున్నాను. నాలుగో కథలో ఒక చోట పేరు పడి ఉంటే కొట్టేశాను.

ఇక అసలు విషయం.

మీ 12 సారాంశాలూ ఒక కాగితం మీద రాసుకుని, పక్కన ఆ కథ ఎవరితో బంధం గురించో రాశాను. నాన్న, అప్ప, నాన్న, మొగుడు, మొగుడు, మేస్త్రీ, మొగుడు, మొగుడి చావు, కూతురి పెళ్ళిచూపులు, కొడుకు, అప్ప, మనవరాలు. చూడగానే నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకండి. "పితా రక్షతి కౌమారే, భర్తా రక్షతి యౌవనే" అని మనువు చెప్పిన వరుసలోనే పెట్టుకొచ్చారు! చిన్నప్పుడు తండ్రి, పెళ్ళయ్యాక మొగుడు, ముసలితనంలో కొడుకు. మీరు ఆ శ్లోకాన్ని తిట్టేవాళ్ళే అయ్యుంటారు, మీ రాత చూస్తే తెలుస్తోంది. కానీ ఆడమనిషి జీవితం రాయడానికి కూర్చుంటే చెయ్యి తనంతట తాను ఆ గాడిలోకే పోతుంది. నాదీ పోయింది. నా మొదటి ప్రతిలో పైడమ్మ అత్త ఒక్క కథలో ఉండేది. తిరగరాసేటప్పటికి ఆరు కథల్లోకి వచ్చింది. 40 ఏళ్ళు ఒకే చూరు కింద పక్కపక్కన కూర్చుని పత్తి ఏకిన ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికొకరు ఏమవుతారు? మొగుడు ఖరగ్‌పూర్‌లో ఉన్న ఏళ్ళన్నీ ఆమె కాపురం అత్తతోనే కదా.

అందుకని ఒక పని చెయ్యండి. కథల్ని పక్కన పెట్టి, మీ అమ్మమ్మగారి జీవితంలో ఆమెకు అందరికంటే ఎక్కువ కాలం తెలిసిన మనిషెవరో లెక్క కట్టండి. తండ్రి 20 ఏళ్ళు. తాతగారు, మధ్యలో ఊళ్ళు పట్టిపోయిన కాలం తీసేస్తే, మహా అయితే పాతిక. అప్ప 72 ఏళ్ళు. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా ఉన్న మనిషి ఆవిడొక్కరే. ఆవిడకు మీరిచ్చింది రెండు కథలు, రెండూ మీ పుస్తకంలో గట్టివి. రెండోది బడి కథ. నాన్న ఒక్కరినే పంపగలనంటే అప్ప "నానెల్లను, దాన్నే పంపు" అంటుంది, ఏడాది తిరక్కుండానే చెల్లెల్నీ మాన్పించి పిక్కలేరడానికి తోటకు పంపుతారు. పదకొండోది తిత్లీ తుపాను తరవాత విశాఖ నుంచి వచ్చి పడిపోయిన జీడిమామిడి మొద్దు మీద ఇద్దరూ కూర్చునే కథ. ఫ్లో లాగే, వచ్చిపోయే మగవాళ్ళ మధ్య ఉండిపోయిన మనిషి ఈవిడ.

వరుసలో నేను జరపమన్నది ఆ బడి కథే. రెండోదాన్ని మొదటికి తెండి. మొదటి కథ చదవగానే ఇది ఎవరెవరి పుస్తకమో చదివేవాడు మనసులో తేల్చేసుకుంటాడు. తండ్రి అప్పు కథతో మొదలెడితే ఇది పేదరికం పుస్తకం అవుతుంది. అప్ప, చెల్లెలితో మొదలెడితే ఆ తరవాత అప్ప కనబడని కథలో కూడా ఆవిడ లేకపోవడం తెలుస్తుంది. మిగతా పది కథల్లోకి ఆవిడను లాక్కురమ్మని కాదు నేనంటున్నది. ఒకచోట మందస నుంచి వచ్చిన కొబ్బరికాయల సంచీ, ఒకచోట ఎవరో అడిగితే చెప్పని జవాబు, చాలు.

మీరు పెట్టిన తొమ్మిదో కథకొస్తాను. కూతురి పెళ్ళిచూపులు. జీడిపిక్క తొక్కలోని నూనె పట్టి 20 ఏళ్ళుగా నల్లబడి, చర్మం లేచిపోయిన వేళ్ళు. ముందురోజు చింతపండుతో తోముకుంది, బూడిదతో తోముకుంది, పోలేదు. మగపెళ్ళివారు వచ్చాక కాఫీ గ్లాసుల పళ్ళెం పక్కింటామె చేతికిచ్చి తను తలుపు వెనక ఉండిపోతుంది. పెళ్ళికొడుకు తల్లి "అమ్మగారేరీ?" అంటే బయటికొచ్చి, చేతులు కొంగులో చుట్టుకుని దణ్ణం పెడుతుంది. అవతలామె కూడా కొంగులోనే చేతులు పెట్టుకుని దణ్ణం పెడుతుంది. ఇక్కడిదాకా వచ్చారు చూశారూ, ఇక్కడే ఆగండి. మీ ప్రతిలో దీని తరవాత నాలుగు వాక్యాలున్నాయి, ఆమె కూడా పిక్కలు కొట్టే మనిషేనని, ఇద్దరి కష్టమూ ఒకటేనని. అవి కొట్టెయ్యండి. నేనిలాంటిదే చేసి దెబ్బతిన్నాను. పొందూరులో పత్తి ఏకడానికి వాలుగ చేప దవడ వాడతారు, సన్నటి పళ్ళ వరుసతో దువ్వెనలా ఉంటుంది. ఐదు కథల్లో ఆ దవడ ఊరికే కనబడుతూ ఉంటుంది, అత్త చేతిలోంచి కోడలి చేతిలోకి వస్తుంది. ఆరో కథలో నాకు పూనకం వచ్చి, ఆ దవడ ఆడదాని బతుకుకు ప్రతీక అని ఒక పేరా రాసేశాను. లెక్కల మాస్టారొకాయన, మా స్కూలే, చదివి "అమ్మా, చేప చచ్చిపోయింది" అని ప్రతి తిరిగిచ్చేశారు. ఆ పేరా ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆ చేతులు మీకు దొరికిన మంచి అతుకు. పదో కథలో విశాఖలో కోడలు అప్పడాల పిండి ఆవిడను ముట్టుకోనివ్వదని సారాంశంలో రాశారు. కారణం అక్కడ చెప్పకండి. తొమ్మిదోది చదివినవాడికి తెలుసు. పదోది ఒక్కటే ఏ పత్రికలోనో చదివినవాడు కోడలి అతిశుభ్రం అనుకుంటాడు, అలా అనుకున్నా కథ నిలబడుతుంది. విడిగా చదివితే ఒక అర్థం, కలిపి చదివితే ఇంకో అర్థం. రెండూ రావాలి. పరీక్ష ఏమిటంటే, ఏదైనా ఒక కథ మధ్యలోంచి తీసి, మిగతావి చదవని మనిషికివ్వండి. అర్థం కాలేదంటే అది నవలలో అధ్యాయం. పోటీలకు పంపేటప్పుడూ ఇదే లెక్క.

పనిలో పని, కొన్ని చిల్లర విషయాలు. పత్రికలకు పంపిన కథల్లో ప్రతిసారీ "పలాస దగ్గర కాశీబుగ్గలో ఉండే..." అని పరిచయం ఉంటుంది. విడిగా అవసరమే, పుస్తకంలో నాలుగోసారికి విసుగు. పుస్తకానికి వేరే ప్రతి తయారుచేసుకుని అవి తీసెయ్యండి.

యాస గురించి అడగలేదు గానీ చెబుతాను. కథనం మామూలు తెలుగులో, మాటలు మన మాటల్లో అన్న మీ పద్ధతి బాగుంది. కానీ 12 కథల్లోనూ ఆవిడ ఒకేలా మాట్లాడుతోంది. కోడలి ఎదట "వెళ్తున్నాను" అనడానికి ప్రయత్నిస్తుంది, ఫోన్లో అప్పతో "ఎల్తన్నానే" అంటుంది. ఆ తేడా పదో కథలో వచ్చిందంటే ఆ ఫ్లాట్లో ఆవిడ పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు.

తారీఖుల చిట్టా ఒకటి పెట్టుకోండి. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఏ కథ ఏ ఏడు, అప్పుడు ఊరెలా ఉంది. నేను 1970లో జరిగే కథలో "విజయనగరం జిల్లా చీపురుపల్లి" అని రాశాను. విజయనగరం జిల్లా పుట్టిందే 1979 జూన్ 1న. అంతకుముందు చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లాలోది. ఆ ఊళ్ళోనే పాఠాలు చెప్పిన మనిషిని, నాకే తప్పింది. ఒక పాఠకుడు కార్డు ముక్క రాసి పెట్టాడు. మీకు హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, తిత్లీ 2018 అక్టోబర్ 11. రెండూ అక్టోబరే, ఏ తుపానుకు ఏ చెట్టు పడిందో కలిసిపోతుంది, జాగ్రత్త. ఉద్దానం తోటల్ని పడగొట్టింది తిత్లీ.

మూడో కథ 1969లో పెట్టారు, శ్రీకాకుళం నక్సలైటు ఉద్యమం నడుస్తున్న రోజులు. ఆ రెండు మూడేళ్ళ ఉద్దానం అనగానే రాసేవాళ్ళకు చెయ్యి ఆగదు. పోలీసు క్యాంపులు, రాత్రిళ్ళు తోటల్లో పడుకున్న మగవాళ్ళు, అంతా వచ్చేసి ఆ పిల్ల కథ అడుక్కి పోతుంది. మీ సారాంశంలో తండ్రి మూడు రాత్రులు ఇంటికి రాకపోతే ఆమె మూడు రాత్రులూ గంజి కాచి, పొద్దున్న పశువులకు పోసిందని ఉంది. కథ అదే. ఉద్యమం చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది, ఆ గంజి దొరకదు.

వీలైతే శ్రీకాకుళంలో కథానిలయానికి ఒక పూట వెళ్ళండి. కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) తెలుగు కథల కోసం 1997లో పెట్టిన లైబ్రరీ అది. పాత వారపత్రికలు తిరగేస్తే ఒకే మనిషి మీద విడివిడిగా, ఏళ్ళ తేడాతో రాసినవాళ్ళు తగులుతారు. అచ్చులో ఒకదాని తరవాత ఒకటి చూస్తే పుస్తకం గురించి నేను చెప్పినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. వెళ్ళలేకపోతే చాలా కథలు స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారు.

చుట్టాల సంగతి. గుర్తుపడతారు, తప్పదు. పేరు మార్చి, ఊరు మార్చి, ఇద్దరిని కలిపి ఒకరిని చేసినా పడతారు. నా పుస్తకంలో మా పిన్ని తనను చూసుకుంది. రెండేళ్ళు మా గుమ్మం తొక్కలేదు. మూడో ఏడు పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఊరంతా చుట్టాలే కదా, మా మేడ మీద నిలబడి చూస్తూ, సిరిమాను దాటిపోయాక నా వైపు తిరక్కుండానే అంది: "నాను ఆ మాట అన్లేదే. అంతకంటే గట్టిగా అన్నాను. నువ్వు తగ్గించి రాసేసేవు." కాబట్టి చెడ్డ చేసినందుకే కోపమొస్తుందనుకోకండి. ఒక హద్దు మాత్రం పెట్టుకోండి: బతికున్నవాళ్ళకు రేపు ఊళ్ళో నష్టం చేసేది, రోగం, అప్పు, పెళ్ళికి ముందు సంగతులు, ఎంత బాగా కుదిరినా వదిలెయ్యండి. మీ ఏడో కథలో తాతగారి రెండో ఇల్లు ఉంది. ఆ రెండో ఇంటి పిల్లలు కాశీబుగ్గలోనే ఉన్నారన్నారు. అచ్చుకు ముందు ఆ కథ మీ అమ్మగారికి చదివి వినిపించండి. వద్దంటే వద్దు, 11 కథల పుస్తకం తక్కువేమీ కాదు.

చివరిగా, తొమ్మిదో కథలో రెండో పేజీలో ఒక చోట ఉంది. కూతురి పెళ్ళిచూపులకు ఎవరెవరు వచ్చారో చెబుతూ రాశారు: "అప్ప రాలేదు. రాదని తెలుసు." తరవాత వాక్యంలో వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఎందుకు రాలేదు? ఎందుకు రాదని తెలుసు? మిగతా సారాంశాల్లో ఎక్కడా లేదు. మీకూ తెలీదనుకుంటాను, ఇంట్లో విన్న మాటను అలాగే పెట్టేసినట్టుంది. పుస్తకంలో అది చెప్పకపోయినా ఫరవాలేదు, చెప్పకపోతేనే బాగుండొచ్చు. కానీ రాసే మనిషికి తెలిసి వదిలేసిన ఖాళీ వేరు, తెలీక వదిలేసిన ఖాళీ వేరు. రెండోది ఎంత దాచినా చదువుతుంటే బయటపడుతుంది.

మీ పెద్దమ్మమ్మగారు మందసలో ఉన్నారన్నారు, 80 దాటాయన్నారు. ఈ సంక్రాంతికి ఆగకుండా ముందే వెళ్ళి రండి. ఫోన్ రికార్డర్ ఎదట పెట్టకండి, పెడితే పెద్దవాళ్ళు రేడియోలో మాట్లాడినట్టు మాట్లాడతారు. చేటలో ఏదైనా వేసుకుని, చిక్కుడుకాయలో చింతపండో, పక్కన కూర్చుని ఏరుతూ అడగండి. మొదటి రోజు "ఏటుందే, ఏటీ లేదు" అంటారు. ఆ రాత్రి అక్కడే పడుకోండి.